కుంజా డేగకు జ్వరం లేదు

చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక ఊరికి నాగలక్ష్మి ఆశా కార్యకర్త. వానాకాలమంతా చెప్పులు చేతబట్టుకుని వాగు దాటుతుంది. ఆ నడకకు ఎవరూ మార్కులు వేయరు. మార్కులు వేసేది నా కంప్యూటర్. నేను దవాఖానాలో ఆపరేటర్ని, పైథాన్ అనే కంప్యూటర్ భాష ఫోనులో చూసి నేర్చుకున్నాను. దోమతెరలు తీసుకున్నవాళ్ల పేర్లు ఒక సెట్, జ్వరం వచ్చినవాళ్ల పేర్లు ఇంకో సెట్. మధ్యలో & గుర్తు పెడితే రెండింటిలోనూ ఉన్న పేర్లే బయటికొస్తాయి.

ఆ జవాబు ఎప్పుడూ ఖాళీగా ఉండాలని మా పెద్దసారు తేల్చేశాడు. తెర తీసుకున్నాక కూడా జ్వరం తెచ్చుకోవడం ఆయన లెక్కలో క్రమశిక్షణ లేకపోవడం. ఒక్క పేరు వచ్చినా ఆ ఊరి ఆశాను తీసేస్తానన్నాడు.

నాగలక్ష్మి ఊరికి ఒక్క పేరే వచ్చింది. కుంజా లచ్చయ్య.

నాగలక్ష్మీ నేనూ బండి మీద అతని ఇంటికి వెళ్లాం. లచ్చయ్య దుప్పటి కప్పుకుని ఎండలో వణుకుతున్నాడు. తెర మాత్రం పెరట్లో కోళ్ల గూడు చుట్టూ చక్కగా కట్టి ఉంది.

"ఏంది మామా ఇది? నా నౌకరి పోతది!" అంది నాగలక్ష్మి, గోలీలు అతని చేతిలో పెడుతూ.

"దోమ కుడితే జరమొస్తది, గోలి ఏసుకుంటే పోతది. అడవిపిల్లి ఎత్తుకపోయిన కోడి మల్లొస్తదా బిడ్డా?"

ఆమె కాసేపు గూడు వైపే చూసి నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, తెరల పండుకునేది ఎవలు?"

"కోళ్లు."

"వాటికి జరముందా?"

"లేదక్కా."

"గట్లయితే మామ పేరు తీసి వాటి పేర్లు రాయి."

"ఇంటిపేరు లేకుంటే కంప్యూటర్ తీసుకోదు."

"మామ గింజలే తింటున్నయ్ గద, మామ ఇంటిపేరే పెట్టు."

లచ్చయ్య వణుకుతూనే తలెత్తాడు. "పుంజును ముందు రాయి. దానికి కోపమెక్కువ."

తెరల సెట్‌లో లచ్చయ్య పేరు తీసేసి, కోళ్లను రంగును బట్టి పిలిచే పేర్లతోనే కుంజా డేగ, కుంజా కాకి అని ఎక్కించాను. జవాబు ఖాళీగా వచ్చింది. మీటింగులో పెద్దసారు నాగలక్ష్మికి చప్పట్లు కొట్టించాడు. అంతటితో ఊరుకోక, జ్వరం సెట్‌లోంచి తెరల సెట్‌ను తీసేయమన్నాడు. మిగిలినవాళ్లు తెర అందనివాళ్లట. మళ్లీ ఒక్క పేరే మిగిలింది.

"ఈ లచ్చయ్యకు తెర ఇవ్వలేదా? ఎంత అన్యాయం! రేపు అందకపోతే నీ పని ఆఖరు."

మర్నాడు నాగలక్ష్మి కొత్త తెర నెత్తిన పెట్టుకుని వాగు దాటింది. లచ్చయ్య దాన్ని విప్పి, రెండు చేతులా చాపి చూశాడు.

"మంచి పని చేసినవ్ బిడ్డా. మేకలకు సరిపోతది."

ఆమె అరుగు మీద కూలబడి నాకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, రాసుకో," అని, లచ్చయ్య వైపు తిరిగింది. "చెప్పు మామా, మేకల పేర్లేంది?"