విషం లేని కప్పలు

మా పెద్దమామ లౌరియానో చామపూరో పోయి ఏడాదైంది. సాన్ హువాన్ నది పొడవునా అంతటి వేటగాడు లేడని అందరూ అంటారు, నేనూ అంటాను. అంతటి మొండిమనిషి కూడా లేడని మాత్రం ఎవరూ పైకి అనరు.

మా ఊరి గుట్ట మీది పసుపు కప్పల వీపు నిండా విషం ఉండేది. ఆ వీపుకు మామ ముల్లు రాసి, ఆరబెట్టి, ఊదుడు గొట్టంలో పెట్టి కొడితే కొమ్మ మీది కోతి రాలిపడేది. ఆ విద్య నేర్పమని పన్నెండేళ్లప్పుడు అడిగాను.

"ఆడపిల్లవి, నీకెందుకే గొట్టం? పోయి అరటికాయలు ఉడకేసుకో," అని నలుగురిలో నవ్వాడు.

నాకు నేర్పనిది పట్నం నుంచి వచ్చిన ఒకడికి నేర్పాడు. వాడు "గురువుగారూ" అనేసరికి పొంగిపోయి, ఈల వేసి కప్పల్ని ఎలా పిలవాలో కూడా చూపించాడు. వాడు మూడేళ్లపాటు వస్తూ పోతూ గుట్ట మీది కప్పలన్నిటినీ డబ్బాల్లో ఎత్తుకుపోయాడు. తర్వాత మామ ఎంత ఈల వేసినా బదులు పలికే కప్ప లేదు. "నా చేతులారా పోగొట్టానే," అని అత్త ముందు ఏడ్చాడు. చచ్చేలోగా ఆ గుట్ట మీద మళ్లీ కప్ప కూత వినాలన్నదే ఆయన కోరిక.

చాలా ఏళ్లకు అటవీ ఆఫీసు వాళ్లు గాజుపెట్టెల్లో పుట్టిన నలభై కప్పల్ని తెచ్చారు. ఊరి పెద్దగా మామ ఒప్పుకుంటే గుట్ట మీద వదులుతారు. మామకు వాళ్ల స్పానిష్ అంతంతమాత్రం. నేను ఊళ్లో నర్సును, చదువులో ఆ భాష నేర్చుకున్నాను కాబట్టి మాట అటూ ఇటూ చెప్పే పని నాకు పడింది.

మామ ఒక కప్ప వీపుకు ముల్లు రాసి కోడి తొడలో గుచ్చాడు. కోడి ఒక్క అరుపు అరిచి, దులుపుకుని, మళ్లీ గింజలు ఏరుకుంది.

"ఇవీ కప్పలేనా? రంగేసిన బొమ్మలు! నా గుట్ట మీద వదిలారంటే కాళ్లు విరగ్గొడతా. తీసుకుపొమ్మను!"

ఆఫీసరమ్మ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "గాజుపెట్టెలో పెంచాం కదండీ, అందుకే విషం లేదు. ఈ అడవి చీమలు తింటే కొన్ని నెలలకు అదే వస్తుంది. దయచేసి ఆయనకు చెప్పండి."

"ఏమంటోందే?" అన్నాడు మామ.

నలుగురూ చూస్తున్నారు. నా పన్నెండో ఏట విన్న ఆ నవ్వు నా చెవుల్లో మోగింది.

"ఏం లేదు మామా. తీసుకుపోతుందట."

ఆమెతో, "చెప్పానండీ, ఒప్పుకోవడం లేదు," అన్నాను. కప్పలతోనే పడవ వెళ్లిపోయింది. మామ చూపు మందగించాక నేనే చెయ్యి పట్టుకుని గుట్ట ఎక్కించేదాన్ని. ఈల వేసి, ఊపిరి బిగబట్టి వినేవాడు.

"ఏమన్నా వినబడిందా తల్లీ?"

"లేదు మామా," అనేదాన్ని. ఆ మాట మాత్రం నిజమే.