మునిగిన ఊరి గురించి నేను చెప్పిన మాటలు

నేను ఆళ్లగడ్డలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు, నంద్యాలలో బడిపిల్లలకు వక్తృత్వపు పోటీ పెడుతున్నారని కబురొచ్చింది. విషయం 'ప్రపంచ పర్యావరణం – మన బాధ్యత'. అప్పటికి ఎనభైలు మొదలై ఎంతో కాలం కాలేదు. పర్యావరణం అన్న మాట మాలో చాలామందికి నోరు తిరిగేది కాదు. మా సైన్సు సారు దాన్ని నల్లబల్ల మీద రాసి, అందరిచేతా మూడుసార్లు అనిపించాడు.

సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. రేడియో విడవకుండా వినేవాడు. విన్నవీ చదివినవీ కలిపి మాచేత చార్టులు వేయించాడు. ఆమ్ల వర్షానికి ఎండిపోయిన అడవి, సముద్రం మీద చమురు తెట్టు, ఇసుక కమ్ముకొస్తున్న ఊళ్లు. మాలో సముద్రం చూసినవాళ్లు లేరు. ఆ బొమ్మ వేసినవాడు సముద్రానికి వరదలో ఉన్న మా కుందూ ఏటి రంగు పులిమాడు. సారు నవ్వలేదు. "సరేలే, ఉండనీ" అన్నాడు.

ఉపన్యాసానికి నన్ను ఎంచుకున్నారు. మా నాన్న అహోబిలం గుడిలో పారాయణం చేసేవాడు. అర్థం తెలియకముందే అక్షరం తప్పకుండా అప్పజెప్పడం మా ఇంట్లో పిల్లలందరికీ అలవాటు. సారు రాసిచ్చిన నాలుగు పేజీలు రెండు రోజుల్లో నోటికొచ్చాయి. వినిపించాక ఆయన కాగితాలు తిరిగి నా చేతికిచ్చాడు.

"బాగుంది. కానీ అన్నీ దూరం సంగతులే. దగ్గరిది ఒకటుంటే వినేవాళ్లకు తగులుతుంది. శ్రీశైలం డ్యాం నీళ్లలో ఊరు పోయిన పిల్ల మీ క్లాసులోనే ఉందిగా. అడుగు."

ఆ పిల్ల నా పక్కనే కూర్చునేది. వాళ్లది జూపాడు బంగ్లా అవతల, కృష్ణ ఒడ్డున పల్లె. డ్యాంలో నీళ్లు నిలిపినప్పుడు మునిగిపోయింది. వాళ్ల నాయన ఆళ్లగడ్డ దగ్గర ఒక రైతు చేలో పనికి కుదిరి, పెళ్లాం బిడ్డల్నీ, ఆ పిల్ల జేజి అని పిలిచే ముసలి తల్లినీ తెచ్చుకున్నాడు. సొంత చేను దున్నుకున్న మనిషి ఇంకొకరి చేలో పని చేయడం ఎట్లా ఉంటుందో నేనప్పుడు ఆలోచించలేదు. ఏడాదిగా ఆ పిల్లతో కలిసి అన్నం తింటున్నాను కానీ, ఊరి సంగతి ఎన్నడూ అడగలేదు. ఆ మధ్యాహ్నం అడిగాను.

"ఏం చెప్పేది మ్మే? తలుపులు, దూలాలు పీకి బండ్ల మీద ఏసినారు. పోయే రోజు పొద్దున మా జేజి వాకిలి ఊడ్పిచ్చి, కల్లాపి సల్లిచ్చి, ముగ్గేపిచ్చింది. నీళ్లలో పోయే ఇంటికి ముగ్గేందని నాయన అరిసినాడు. జేజి ఇన్లే" అంది.

ఇంకేదో చెప్పబోయింది. నాకు కావలసింది దొరికింది కాబట్టి, చేయి కడుక్కుని సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయనకు అది బాగా నచ్చింది. "నీకే జరిగినట్టు చెప్పు. 'మా జేజి' అను. అప్పుడే మనసుకు హత్తుకుంటుంది" అన్నాడు.

పోటీ రోజు చార్టులు మోసుకొచ్చిన నలుగురిలో ఆ పిల్ల కూడా ఉంది. నంద్యాలలో ఒక బడి హాలు నిండా జనం. చూడని సముద్రం మీద చమురు గురించి చెప్పాను. చూడని ఎడారుల గురించి చెప్పాను. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మా జేజి తన చేతులతో ఆ వాకిట్లో కడసారి ముగ్గు వేసింది. ఇప్పటికీ ప్రతి సాయంత్రం ఏటి వైపు తిరిగి కూర్చుంటుంది" అన్నాను. ఆ చివరి మాట సారు రాసింది కాదు, ఆ పిల్ల చెప్పింది కాదు. అప్పటికప్పుడు నేను కల్పించింది. చెప్పి, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగాను. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొదటి బహుమతి నాకే ఇచ్చారు.

తిరుగు బస్సులో ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. దారిలో శిరివెళ్ల దాటాం. నేను బహుమతిగా వచ్చిన స్టీలు క్యారియరు మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

"ముగ్గేసింది నేను" అంది, కిటికీలోంచి చూస్తూనే. "జేజికి నడుములు పడిపోయి లేసి నిలబళ్లేకపోయె. మంచంలో నుంచి చెప్తాంటే నేనేసినా."

"సారు అట్లా చెప్పమన్నాడే..."

"ఏటి తట్టు తిరిగి కూచుంటాదని గూడా సారే చెప్పినాడా? ఎవురు కూచుండేది? మా జేజి సచ్చిపోయి సంవచ్చరమాయ. ఈడికొచ్చిన మూడు నెల్లకే పాయ."

క్యారియరు మూత మూసేశాను. "నాకు తెలీదు" అన్నాను.

"నువ్వు అడగలే" అంది.

ఆ మాటలో కోపం లేదు. కోపముంటే ఎదురు చెప్పడానికైనా వీలుండేది. ఆళ్లగడ్డలో దిగి, చార్టుల చుట్ట భుజాన వేసుకుని, తన దారిన పోయింది.

మర్నాడు సారుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు. "అది నీ తప్పు కాదు. నాది" అన్నాడు. కానీ ఆ వారమే, ఈ సంగతి తెలియని హెడ్‌మాస్టరు బడి పిల్లలందరి ముందూ ఆ ఉపన్యాసం మళ్లీ చెప్పమని నన్ను వేదిక ఎక్కించాడు. నేను నిలబడి ఆమ్ల వర్షం చెప్పాను, ఎడారి చెప్పాను, మునిగిన ఊరి దగ్గరికి వచ్చి ఆగిపోయి దిగొచ్చేశాను. అందరూ నేను మరిచిపోయాననుకున్నారు. అసలు సంగతి చెప్పే ధైర్యం నాకు లేదు.

సాయంత్రం ఆ పిల్ల నన్ను గేటు దగ్గర పట్టుకుంది. "ఎందుకిడిసిపెట్టినావు?"

"నీకు బాధగా ఉంటుందని."

"నీ నోట్లోంచి తీసేస్తే మా ఊరు లేనట్లే గదమ్మే. మాది అని చెప్పింటే సాలు."

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు వాళ్ల నాయన ఊరు చూసి రావడానికి పోతాడనీ, రావాలంటే రమ్మనీ చెప్పింది. మా నాన్నను అడిగితే, ఎందుకని ఒక్క మాట అడిగి, పొమ్మన్నాడు.

నంద్యాలలో బస్సు మారి, ఆత్మకూరు మీదుగా జూపాడు బంగ్లాలో దిగాం. అక్కడి నుంచి నడక. నీళ్లు వెనక్కి పోయిన నేల నెర్రెలిచ్చి తెల్లగా ఉంది. చెట్ల మొద్దులు, మోకాలి ఎత్తున మొండిగోడలు, పూడిపోయిన బావి ఒడ్డురాళ్లు కనిపించాయి. వాళ్ల నాయన బావి దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి ఒకచోట ఆగాడు. "ఈడ గడప. ఆడ ఎద్దులు కట్టేసేది" అన్నాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నేను ఉండబట్టలేక, "మీకు కోపం రాలేదా?" అని అడిగాను.

"ఎవురి మీద తెచ్చుకొనేదమ్మా? ఈడి నీళ్లతో కరెంటు తీస్తాండారు. యాడో దీపాలెలుగుతాండాయి. మీ ఇంట్లో గూడా ఎలుగుతాండాది గదా."

ఆయన ఎత్తిపొడవలేదు. ఉన్నదే చెప్పాడు. నా నాలుగు పేజీల్లో ప్రపంచంలో ఉన్న తప్పులన్నీ ఉన్నాయి, మా ఇంటి దీపం మాత్రం లేదు.

ఆ పిల్ల నా చేయి పట్టుకుని ఊరంతా తిప్పింది. ఒక్కొక్క గోడ దగ్గర ఆగి అది ఎవరి ఇల్లో, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పింది. ఒకరు కర్నూలులో రాళ్లు కొడుతున్నారు. ఒకరు తెలంగాణలో కొడుకు దగ్గర. కొందరు ఎక్కడికి పోయారో ఆమెకు తెలియదు. ఆ ఇళ్ల దగ్గర, "వీళ్లు తెలీదు" అని చెప్పి ముందుకు నడిచింది. నేను ఏమీ అడగకుండా విన్నాను.

మరుసటి ఏడాది మళ్లీ పోటీ వచ్చింది. సారు నన్ను పిలిచినప్పుడు, ఆమెను పంపమన్నాను. మొదట రానంది. తర్వాత, "రాసిచ్చింది మాత్రం చెప్పను" అని ఒప్పుకుంది. సారు కాగితం మీద కలం పెట్టలేదు.

నంద్యాలలో మైకు ముందు నిలబడి, దండం పెట్టి, ఊరి మొదటి ఇంటితో ఎత్తుకుంది. ఎవరిది, ఎంతమంది, వాకిట్లో ఏ చెట్టు, ఎవరు ఎటు పోయారు. మా సీమ మాటలోనే చెప్పింది. మొదట వెనక వరసల్లో నవ్వులు వినిపించాయి, తర్వాత సద్దుమణిగాయి. ఐదు నిమిషాలకు గంట కొట్టారు. ఆపలేదు. రెండోసారి కొట్టారు. ఆమె గంట వైపు చూసింది. "ఉత్తరం తట్టు ఈది అట్లే మిగిలిపాయ" అని చెప్పి మెట్లు దిగింది.

బహుమతి రాలేదు. విషయం ప్రపంచ పర్యావరణమైతే ఈ అమ్మాయి ఒక్క పల్లె గురించే మాట్లాడిందని, భాష కూడా సభకు తగినట్టు లేదని ఒక న్యాయనిర్ణేత అన్నాడు. సారు చేతులు కట్టుకుని విన్నాడు. బయటికి వచ్చాక ఆమె తల మీద చేయి వేసి, టికెట్లకని ముందు నడిచాడు.

బస్సులో మేమిద్దరం, వెనక సీట్లో సారు. మిగిలిన వీధి మాకు చెప్పింది. పదకొండు ఇళ్లు. ఆళ్లగడ్డ రాకముందే అయిపోయాయి.

పదో తరగతితో ఆమె చదువు ఆగింది. ఉయ్యాలవాడ దగ్గర పల్లెకు కాపురానికి పోయింది. ఆ తర్వాత రెండుసార్లు కలిశాం, పిల్లల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. నేను పంతులమ్మనయ్యాను. ఇలాంటి పోటీలకు ఎందరో పిల్లల్ని తయారు చేశాను, కొందరు గెలిచారు కూడా. పిల్లవాడు వేదిక మీద గొంతు తగ్గించి, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగినప్పుడల్లా నేను తల దించుకుంటాను.