సుబ్బరాయప్ప గీసిన సోఫా

బాగేపల్లి సుబ్బరాయప్పకున్న జబ్బు ఒక్కటే. ఖాళీ గది కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. తన బట్టల అంగట్లో గుడ్డ మీద గుర్తు పెట్టే సుద్దముక్క జేబులోంచి తీసి, పంచె ఎగ్గట్టి, నేల మీద సామాన్లు గీసేస్తాడు. సోఫా, టీపాయి, బీరువా, రేడియో, సరదా పుడితే రేడియో మీద పూలకుండీ కూడా. పిలిచారా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎవరైనా కొత్తగా కాపురం దిగారని తెలిస్తే చాలు, వాళ్ళ పొయ్యి మీద పాలు పొంగేలోపల ఆయన గడపలో ఉంటాడు.

గీతల్లో మూడు లెక్కలు. తెల్ల సుద్ద చాప లెక్క, చేతిలో ఏమీ లేనివాళ్ళకు. పసుపుది బెంచీ లెక్క, నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక. ఎర్రది లాటరీ లెక్క. "మాకు లాటరీ యాడ తగులుతాదిలేప్పా" అని ఎవరైనా నవ్వితే ఆయనకు కోపం. "తగిలినాక జాగా వెదుక్కుంటారా? ఇప్పుడే చూసి పెట్టుకోవల్ల!"

గీసి ఊరుకున్నా బాగుండేది. గీసినదాన్ని తొక్కితే ఒప్పుకోడు. మునియప్ప ఇంట్లో వంటింటి దారికి అడ్డంగా ఒక బీరువా గీశాడు. మునియప్ప తల్లి హనుమక్క దాన్ని చుట్టి తిరగడం మొదలుపెట్టింది. చారు గిన్నెతో నేరుగా నడిచొచ్చిన కోడల్ని పట్టుకుని "బీరువాలో నుంచి వస్తావేమే, కండ్లు కనబడలేదా?" అని కేకలేసింది. పండక్కి నేల కడిగితే బీరువా కొట్టుకుపోయిందని ఆ ముసలామె వారం రోజులు అన్నం మానేసిందని బజారులో చెప్పుకున్నారు. అది కొంచెం ఎక్కువేలెండి, ఒక పూట మానేసిందంతే.

అలాంటి మనిషి, ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు కాంచన ఇంటికి వచ్చాడు. రాక రాక ఆ రోజే రావాలా!

కాంచన తండ్రి రంగనాథకు చింతామణిలో పెద్ద కిరాణా అంగడి. గల్లాపెట్టె దగ్గర కూర్చోమని ఆయన అల్లుణ్ణి పిలిచాడు. అల్లుడు బాలచంద్ర "నా చేతులు నాకుండాయి" అని బాగేపల్లి బస్టాండు ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు కూతురు బండల మీద చాప పరుచుకుని బతుకుతోందని విని, ఆ తండ్రి టెంపోలో సోఫా సెట్టు వేసుకుని వస్తున్నాడు. "ఆ సోఫా గడప లోపలికొస్తే నేను బయటికి పోతా" అన్నాడు బాలచంద్ర. ఇద్దరూ అన్నంత పని చేసే రకాలే. ఎవరు నెగ్గినా ఓడేది తనేనని కాంచనకు తెలుసు. పొద్దుట్నుంచి ఏడుపు గొంతులోనే ఉంది.

"ఈ పొద్దు వద్దప్పా, మా నాయన వస్తాండాడు" అని బతిమాలింది.

సుబ్బరాయప్ప అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు. "మీ నాయన లావా, సన్నమా?"

"లావే. యాల అడుగుతాండారు?"

"ఏం లేదులేమ్మా" అని తెల్ల సుద్దతో గోడవారగా సోఫా గీశాడు, దాని ముందర టీపాయి గీశాడు.

టెంపో వాకిట్లో ఆగింది. బాలచంద్ర గోడకానుకుని నిలబడ్డాడు. రంగనాథ దుమ్ము దులుపుకుంటూ లోపల అడుగు పెట్టాడు.

"ఆగండప్పా! టీపాయి తొక్కేస్తిరే!"

రంగనాథ ఉలిక్కిపడి ఒంటికాలి మీద నిలబడ్డాడు. "యాడ టీపాయి?"

"మీ కాలి కిందనే ఉండాది. పక్కకు రాండి. సోఫాలో కూచోండి."

రంగనాథ కూతురి వైపు చూశాడు. కాంచన నేల వైపు చూసింది. ఈ పిచ్చిమనిషి సంగతేదో తేల్చేద్దామని ఆయన గీతల మధ్య దబ్బున చతికిలబడ్డాడు. మామ నేల మీద కూర్చున్నాక అల్లుడు గుంజలా నిలబడి ఉంటే బాగుండదు గదా. బాలచంద్ర మొహం తిప్పుకునే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"బాలచంద్రా, గీత దాటినావు. లోపలికి జరుగు!"

"ఈయన జరిగితే గదా!"

"నేనెట్ల జరిగేది? ఈ పక్క గోడ ఉండాది!" అన్నాడు రంగనాథ.

"ఆ మోకాలన్నా తీయండి మామా."

"తీసి యాడ పెట్టుకోవల్ల, నెత్తినా?"

వంటింట్లోకి తప్పుకున్న కాంచన కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపంతా నవ్వై పొంగుతోంది. కాసేపటికి మామా అల్లుళ్ళిద్దరూ ఒకటై సుబ్బరాయప్ప మీద పడ్డారు. సోఫా కొలత తప్పన్నారు, మూరలు వేసి చూశారు, ఈయనది బట్టల అంగడని అల్లుడు చెప్తే, గుడ్డ కూడా ఇట్లే కోస్తావా అని రంగనాథ నిలదీశాడు. ఆ ఊపులోనే "అంగడి ఎట్ల జరుగుతాండాది?" అని అల్లుణ్ణి అడిగేశాడు. అల్లుడు చెప్పడం మొదలుపెట్టాడు.

సుబ్బరాయప్ప నెమ్మదిగా గడప దగ్గరికి జరిగితే కాంచన ఆయన్ని పట్టుకుంది. "ఊరంతా మీ కొలత తప్పదంటారు. లావని చెప్తిని గదప్పా, ఇంత ఇరుగ్గా యాల గీస్తిరి?"

"వెడల్పుగా గీస్తే చెరొక మూలకు కూచుంటారమ్మా. ఇరుకైతే తిట్టుకోనన్నా తిట్టుకుంటారు" అన్నాడాయన చేతులు దులుపుకుంటూ.

వాకిట్లో టెంపోవాడు హారన్ మోగించాడు. బాలచంద్ర లేచి, బయటికి వెళ్ళి, సెట్టులోంచి ఒక్క కుర్చీ దింపించి తెచ్చాడు. "ఇది మీరొస్తే కూచోడానికి మామా. మిగిలినవి వాపసు పంపేయండి. నావి నేను కొనుక్కుంటా."

రంగనాథ గొంతు సవరించుకున్నాడు. "అయితే నెలనెలా రావల్ల నేను. కుర్చీ ఉత్తగా పడి ఉంటే ఎట్ల? ముందు నువ్వు కూచో."

"మీరు కూచోండి."

"నిన్ను కూచోమంటాండా గదా!"

"మీ కోసం దింపితే నేనెట్ల కూచునేది?"

గొంతులు మళ్ళీ లేచాయి. కాఫీ కలుపుతున్న కాంచన వంటింటి గుమ్మంలోకి వచ్చింది. సుబ్బరాయప్ప గబగబా వెళ్ళి ఆ కుర్చీలో తనే కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే తీరిగ్గా వంటింటి వైపు తిరిగాడు.

"మెత్తగా ఉండాదమ్మా. నాకు చక్కెర ఎక్కువ వెయ్యి."

కాంచన కాఫీ మొదట ఆయనకే ఇచ్చింది.