మైనం కరిగిన వీణ

మా నాన్న బందరులో వీణలు చేసేవాడు. క్రైస్తవుల ఇంట వీణలేమిటని అడిగేవాళ్లు ఉండేవారు. మా తాత ఒక జమీందారు కొలువులో ఆ పని నేర్చుకున్నాడు. తరువాత మతం మారాడు గాని ఉలి మార్చలేదు, అంతే. పూర్వం వీణకి మెట్లు కదిలేవట, రాగాన్ని బట్టి జరుపుకునేవారట. "ఇప్పుడు అన్నిటినీ మైనంలో పాతేస్తున్నాం. వాయించేవాళ్లకి సుఖం, చేసేవాడికి చావు" అనేవాడు నాన్న.

ఆ చావు మేళం కట్టడంలో, అంటే మెట్లని స్వరానికి నిలపడంలో ఉంది. పనసచెక్కని తొలిచి కుండ చెయ్యడం, దండి అతకడం ఓపికున్న వాళ్లెవరైనా నేర్చుకోవచ్చు. ఆ తరువాత మైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద రెండు గట్లు పొయ్యాలి. వాటి మీద ఇత్తడి మెట్లని ఒక్కొక్కటే అదిమి, తీగ మీటి, స్వరం సరిగ్గా పలికేదాకా గోరంత అటూ ఇటూ జరపాలి. దానికి చెవి కావాలి. మా ఇంటి పద్ధతి ప్రకారం ఆ పని కొన్నవాళ్ల ఇంట్లోనే చేసేవాళ్లు, వాళ్ల గొంతు శ్రుతికి తీగ బిగించి. నాన్న వెంట వెళ్లి గొంతుతో ఆ శ్రుతి పట్టి, స్వరాలు పాడుతూ కూర్చోవడం చిన్నప్పటి నుంచీ నా వంతు. మెట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. "రేపు ఎవరింటికో వెళ్లేదానివి, నీకెందుకమ్మా ఇది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

నేను హైస్కూలు చదువు ముగించిన ఏడు నాన్న చెవులు మొరాయించాయి. ఆదివారం చర్చిలో అందరూ కీర్తన ముగించి కూర్చున్నాక కూడా ఆయన ఇంకా చివరి చరణంలోనే ఉండేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. ఆ తరువాత నవ్వు రాలేదు. చెవి పోయిందని బయట తెలిస్తే వీణ చెయ్యమని ఇక ఎవరు అడుగుతారు? ఇంట్లో ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి ఒక సంగీతం టీచరుగారు వీణ చేసిపెట్టమన్నారు. ఆవిడ దగ్గర బోలెడంతమంది పిల్లలు నేర్చుకునేవారు. ఆవిడ మెచ్చుకుంటే మాకు పని వెతుక్కుంటూ వస్తుంది. ఈసారి నాన్న పద్ధతి తప్పి, మా ఇంట్లోనే తలుపు వేసుకుని మేళం కట్టాడు. ఆవిడ ఎదురుగా కట్టడానికి భయపడ్డాడని నాకూ అమ్మకీ తెలుసు. నేను బయట నిలబడి విన్నాను. పై స్థాయి మెట్లు తప్పాయి. తలుపు తట్టకుండానే వంటింట్లోకి వెళ్లిపోయాను.

మేళం కట్టిన వీణతో ఎండలో ప్రయాణం మా ఇంట ఎవరూ చేసి ఎరగరు. బస్సు లోపలైతే జనం మోకాళ్లు తగులుతాయని నాన్న దాన్ని టాపు మీద కట్టించాడు. అవతల నిప్పులు చెరిగే ఎండ. గుడివాడలో టీచరుగారి వరండాలో నేనూ నాన్నా గుడ్డ విప్పేసరికి మైనం కారిపోయి, మెట్లు తలో దిక్కుకీ వాలి ఉన్నాయి.

"ఏముందండీ, మళ్లీ కట్టుకోవచ్చు. ముందు మజ్జిగ పుచ్చుకోండి" అన్నారావిడ.

ఎండ దిగాక కొత్త మైనం పోసి నాన్న పనిలో కూర్చున్నాడు. ఆవిడా ఎదురుగా కూర్చున్నారు. నేను శ్రుతి పట్టాను. నాన్న మొదటి మెట్టు అదిమి తీగ మీటాడు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కాస్త జరిపాడు. ఇంకా తప్పే. నేను గొంతు పెంచాను. ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు, ఏమీ వినపడనట్టు. ఆయన ఆ మెట్టుని మైనంలోంచి తీసి, నా అరచేతిలో పెట్టి, పక్కకి జరిగాడు.

మొదటి మెట్టుకే చాలాసేపు పట్టింది. ఆ తరువాత చెవి చెప్పినట్టు చెయ్యి వినడం మొదలెట్టింది. ఇన్నేళ్లూ పక్కన కూర్చుని ఊరికే పాడలేదని అప్పుడే తెలిసింది నాకు. ఊరు మాటుమణిగే వేళకి పని పూర్తయింది.

మైనం గట్టిపడ్డాక టీచరుగారు వీణ అందుకుని కింది నుంచి పైదాకా ఒక్కో మెట్టూ పలికించారు. ఆ తరువాత కళ్లు మూసుకుని చాలాసేపు వాయించారు. నాన్న ఆవిడ చేతివేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఆపగానే నా వైపు తిరిగాడు.

"నాకు వినపట్టం లేదమ్మా. బాగా పలుకుతోందా?" అని ఆవిడ ఎదుటే అడిగాడు.

"పలుకుతోంది నాన్నా" అన్నాను, గట్టిగా తలూపుతూ.

ఆయన టీచరుగారి వైపు తిరిగాడు. "ఇకమీదట చెక్కపని వరకే నాదండి. మేళం కట్టేది మా అమ్మాయి."