అక్క నాలుగు పాయల జడ

ముప్పై ఒక్క ఏండ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఏ పిల్లైనా వచ్చి "టీచర్, మా ఇంటి వెనక దయ్యముంది" అంటే, అది ఎంత ఎత్తుంది, ఎన్ని గంటలకు వస్తుంది, ఎవరెవరు చూశారు, అన్నీ కాగితం మీద రాసుకుని రమ్మనేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కరూ రాసుకుని రాలేదు. ఇప్పుడు నేనే రాయాల్సి వచ్చింది. దయ్యమని నేను అనడం లేదు, అది ముందే చెబుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా అక్క పేరు సులోచన. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఖైరతాబాద్‌లో కూతురు మాధవి దగ్గర ఉంటుంది. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. మొదట పొయ్యి ఆపడం మరిచిపోయింది, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత మనుషుల్నే. నేను కరీంనగర్ నుంచి వచ్చినప్పుడల్లా "ఎవరింటోళ్లమ్మా మీరు? కూసోండ్రి" అని మర్యాదగా కుర్చీ చూపిస్తుంది. చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నాతో ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషి నన్ను "మీరు" అంటుంటే ఒళ్లు మండుతుంది. ఏడుపూ వస్తుంది.

అక్కకు జుట్టంటే ప్రాణం. అరవై ఆరేళ్లొచ్చినా నడుము దాకా ఉంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు పట్టి చూసి, సవరమేమో అని గుంజేవాళ్లు కూడా. అలాంటిది ఆరు నెలల నుంచి నెత్తి మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు. దువ్వెన చూస్తే చాలు, ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చేలా కేకలు. జుట్టంతా చిక్కులు కట్టి ముద్దైపోయింది.

ఆ శనివారం నేను దిగగానే మాధవి వంటింట్లోకి తీసుకెళ్లి చెప్పింది. "చిన్నమ్మా, నెత్తిల పుండ్లయితున్నయి. నాకు మాత్రం మంచిగనిపిస్తుందా? సోమవారం బ్యూటీపార్లరామెను రమ్మన్న. ఇగ మొత్తం తీపిచ్చేస్త."

ఆ పిల్లను ఏమని తప్పు పట్టను? ఆఫీసు చేసుకుంటూ, రాత్రి నాలుగుసార్లు లేస్తూ, తల్లిని పసిపిల్లలా చూసుకుంటోంది. కానీ అక్కను బోడిగుండుతో ఊహించుకుంటే నాకు అన్నం దిగలేదు. డాక్టరు ఒకసారి "పాత చోట్లు చూపిస్తే ఒక్కోసారి మనసు నెమ్మదిస్తుంది" అన్నది గుర్తొచ్చింది. ఆదివారం ఒక్కటే మిగిలింది. నాంపల్లికి తీసుకెళ్తానన్నాను. "జర పదిలం చిన్నమ్మా, చెయ్యి ఇడ్వకు" అని మాధవి పదిసార్లు చెప్పింది.

చుట్టాలొస్తే అందరూ చార్మినార్ చూపిస్తారు, గోల్కొండ చూపిస్తారు. మా హైదరాబాద్ అది కాదు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ దాకా, మధ్యలోని గల్లీలు, అంతే. అక్కడే ఒక గల్లీలో ఆరు పోర్షన్ల కాంపౌండ్‌లో మేం కిరాయికి ఉండేవాళ్లం. నాకు పెళ్లయి కరీంనగర్ వెళ్లాక ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. పనుల మీద హైదరాబాద్ ఎన్నోసార్లు వచ్చాను, పక్క రోడ్డు మీదుగా ఆటోలో పోయానే తప్ప దిగలేదు.

ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ నాంపల్లి. దిగి నడుస్తూ గైడులాగా చెప్పుకుంటూ పోయాను. ఇగో అక్కా, ఇక్కడే నాన్న బిస్కెట్లు తెచ్చేవాడు. ఇగో, ఇక్కడే నువ్వు నా చెప్పు పారేశావు. అక్క ఎదురొచ్చే బస్సుల్ని చూస్తోంది.

మా గల్లీ దొరకడానికి రెండుసార్లు అడగాల్సి వచ్చింది. కాంపౌండ్ లేదు. అక్కడ నాలుగంతస్తుల కాంప్లెక్స్ లేచింది, ఆదివారం కాబట్టి షట్టర్లన్నీ దించి ఉన్నాయి. దాని ముందు అక్కను నిలబెట్టి ఫోన్లో ఫోటో తీశాను. ఆ ఫోటో మీద సమయం పది గంటల యాభై రెండు. నెత్తి మీద చిక్కుల ముద్ద, దాన్ని ఎలాగోలా పట్టి ఉంచిన గోధుమరంగు క్లిప్పు స్పష్టంగా కనిపిస్తాయి. అక్క మొహంలో ఏ గుర్తూ లేదు. "పోదామా అండీ?" అంది నాతో.

నాకు నీరసమొచ్చింది. ఎట్లాగూ వచ్చాం కదా అని అబిడ్స్ వైపు నడిపించాను. ఆదివారం దుకాణాలు బంద్, జనం ఉండరని నా లెక్క. దుకాణాలు మూస్తేనే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారన్న సంగతి ఎలా మరిచానో తెలియదు. కాలేజీ రోజుల్లో ప్రతి ఆదివారం అక్కడే పడి ఉండేదాన్ని. ఇద్దరికి నడిచే దారి లేదు. అయినా నడిచాను. నడిచి ఊరుకున్నానా, ఒక పాత జామెట్రీ పుస్తకం కనిపిస్తే వంగి చేతిలోకి తీసుకున్నాను. రెండు చేతులతో.

తల ఎత్తేసరికి అక్క లేదు.

ఆ నలభై నిమిషాల గురించి ఎక్కువ రాయలేను. పుస్తకాల వాళ్లందరినీ అడిగాను. జి.పి.ఓ. దాకా పోయి వెనక్కి వచ్చాను. మాధవికి ఫోన్ చేయాలని తీసి, ఏం చెప్పాలో తెలియక మళ్లీ లోపల పెట్టాను. అక్క రెండేళ్లుగా ఒంటరిగా గుమ్మం దాటలేదు, రోడ్డు దాటలేదు. పుస్తకాల దగ్గర ఒకాయన నా వాలకం చూసి "ముసలోళ్లు పాత ఇంటికి పోతరమ్మా, జర గాడ చూడు" అన్నాడు. ఆ ఇంటి ముందు నిలబెడితేనే గుర్తుపట్టలేదు కదా అనుకుంటూనే పరుగెత్తాను.

కాంప్లెక్స్ గేటుకు తాళం ఉంది. కమ్మీల్లోంచి చూస్తే లోపల, మెట్ల మీద, అక్క కూర్చుని ఉంది.

వాచ్‌మన్ పక్క హోటల్లో చాయ్ తాగుతున్నాడు. వచ్చి తాళం తీస్తూ తనే బిత్తరపోయాడు. "పొద్దుగాల తాళం ఏసిన్నమ్మా. గీడ ఎవ్వలు లేరు, ఎవ్వలు రాలే." తర్వాత మేమిద్దరం చుట్టూ తిరిగి చూశాం. వెనక గోడకు ఒక మూల ఇటుకలు రాలి సందు పడింది. మనిషి ఒరిగితే పట్టేంత ఉంది. అక్క అందులోంచే వచ్చి ఉంటుంది. ఇంతవరకు నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా జడతోనే. అక్క నెత్తి నున్నగా దువ్వి, నూనె పెట్టి, నడుము దాకా జడ వేసి ఉంది. మూడు పాయల జడ కాదు, నాలుగు పాయలది. చివర రబ్బరు బ్యాండు లేదు, నీలం గుడ్డ పీలికతో కట్టి ఉంది. గోధుమరంగు క్లిప్పు ఆమె చేతిలోనే ఉంది.

ఆ జడ నాకు తెలుసు. మా పక్క పోర్షన్లో హాజిరా ఖాలా ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, పిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం. బ్లౌజులు, స్కూలు డ్రెస్సులు కుట్టేది. మా అమ్మ కోఠిలో టీచరు, పొద్దున ఏడింటికే వెళ్లిపోయేది. అందుకని కాంపౌండ్‌లో ఆడపిల్లలందరం వరసగా ఖాలా మెట్ల మీద కూర్చునేవాళ్లం. సగం తెలుగు, సగం ఉర్దూ కలిపి తిడుతూ జడలు వేసేది. మూడు పాయలైతే మధ్యాహ్నానికి ఊడదీసుకుని వస్తారని నాలుగు పాయలు అల్లేది. రిబ్బన్లు పారేస్తామని మిషను కింద రాలిన పీలికలతో కట్టేది. ఆమె అల్లిక ఎడమ చెవి దగ్గర మొదలవుతుంది, అందుకే జడ కొంచెం ఎడమకు ఒరిగి దిగుతుంది. ఇంకెవరి చేతి జడా అలా ఉండగా నేను చూడలేదు. అక్క జడ ఎడమకే ఒరిగి ఉంది.

ఖాలా పోయి చాలా ఏళ్లయింది.

"ఎవరేశారక్కా?" అని అడిగాను. అక్క లేచి చీర దులుపుకుంది. "లేటైతది, పా" అంది. "పదండి" అనలేదు. ఫోటో తీశాను. సమయం పదకొండు యాభై ఎనిమిది.

మాధవి తలుపు తీసి, తల్లి జడ పట్టుకుని చివరి దాకా తడిమి చూసింది. ముందు నేను వేశాననుకుంది. జడ వాసన చూసి, "గీ నూనె మనింట్ల లేదు" అంది. అక్క చెయ్యి విడిచిన సంగతి దాచకుండా చెప్పాను. తిట్టింది, పడ్డాను. సోమవారం పార్లరామెను మాత్రం రావద్దని ఫోన్ చేసింది.

లెక్కలు చెప్పిన బుద్ధి ఊరుకోదు కదా. ఆ గల్లీ చుట్టుపక్కల దర్జీ దుకాణాలు తెరిచే రోజు చూసుకుని మళ్లీ వెళ్లాను. ఎవరో మంచి మనిషి అక్కను కూర్చోబెట్టి జడ వేసి ఉంటుంది, కనిపిస్తే కాళ్లకు దండం పెట్టాలనుకున్నాను. ఎవరూ ఔననలేదు. ఒక ముసలి దర్జీకి మాత్రం ఖాలా తెలుసు. పీలిక చూపిస్తే వేళ్లతో నలిపి చూశాడు. "పాప్లిన్. కత్తెర పెట్టలే, చేత్తోని చింపిన్రు. ఖాలా గట్లనే చింపేది" అన్నాడు. పాప్లిన్ ఇప్పటికీ ప్రతి బట్టల దుకాణంలో ఉంటుంది, ఎవరైనా చేత్తో చింపొచ్చు. దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

తీసుకునేది ఒక్కటే. రెండు ఫోటోల మధ్య ఉన్నది గంటా ఆరు నిమిషాలు, అందులో అక్క నా కళ్లముందు లేనిది నలభై నిమిషాలే. ఆరు నెలల చిక్కు తీయడానికి, తీయనిచ్చినా, పూట పడుతుంది. జుట్టు ఎక్కడా తెగలేదు, మాడు మీద కొత్త గీరు లేదు. పైగా అక్క కేక వేస్తే అబిడ్స్ అంతా వినబడి ఉండేది.

జడ తొమ్మిది రోజులు ఉంది. తలంటక తప్పని రోజు వచ్చింది. నేను కరీంనగర్ వెళ్లకుండా ఆగాను. విప్పే ముందు నోటు పుస్తకం పెట్టుకుని, పాయలకు ఒకటి నుంచి నాలుగు అంకెలు వేసుకుని, ఏది దేని మీదుగా దాటిందో ఒక్కో మెలికా విప్పుతూ రాసుకున్నాను. అక్క చప్పుడు చేయలేదు. లోపల ఒక్క చిక్కు లేదు. తల ఆరాక, రాసుకున్న వరసను తిరగేసి, ఎడమ చెవి దగ్గర మొదలుపెట్టి, అల్లుతూ పోయాను. రెండుసార్లు వరస తప్పింది, విప్పి మళ్లీ అల్లాను. అక్క కదలకుండా కూర్చుంది.

ఆ రోజు నుంచి నా చేతికి మాత్రం తల ఇస్తుంది. అందుకని కరీంనగర్ ఇంటికి తాళం వేసి ఇక్కడే ఉంటున్నాను. పొద్దున్నే వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంటుంది. నన్ను గుర్తుపట్టిందని మాత్రం అనుకోకండి. ఆ ఆదివారం జడ ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని ఎవరైనా అంటే, కాగితం మీద రాసుకుని రమ్మంటాను.

మొన్న జడ అయిపోయింది. అక్క లేవలేదు. వెనక్కి తిరిగి నా మోకాలు పట్టుకుని, ఎవరైనా వింటారేమో అన్నట్టు మెల్లగా అంది.

"ఖాలా, మా చెల్లెకు గూడ ఎయ్యవా. అది చిన్నది, దానికి ఏసుకోరాదు."

నేనే నీ చెల్లెను అక్కా అని నోటి దాకా వచ్చింది. కళ్లు తుడుచుకుని, "ఏస్త బిడ్డా, దానికి గూడ ఏస్త" అన్నాను.