గంగాదేవి కర్ర పట్టిన రోజు

గంగాదేవికి కర్రసాము నేర్పింది తండ్రి పేరయ్య. దసరాకి ఊరంతా చూస్తుండగా మగవాళ్ళతో సమానంగా కర్ర తిప్పేది. పెళ్ళయ్యాక మానేసింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని చల్లపల్లి బజారులో తిరిగిన ముప్పై ఏళ్ళలో ఆ సంగతి ఆమె కూడా తలుచుకోలేదు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న వాళ్ళ పల్లెకు ఒక్క పాయే దారి. పడవలు అందులోంచే వేటకు వెళ్ళాలి, అందులోంచే తిరిగి రావాలి. కిందటేడు జానకిరామ్ అనే ఆసామి రొయ్యల చెరువుల కోసం ఆ పాయకు అడ్డంగా గట్టు మొదలుపెట్టాడు. ఎన్ని అర్జీలు పెట్టినా పని ఆగలేదు.

మగవాళ్ళంతా వేటలో ఉన్న రోజు చూసి అతని మనుషులు పొక్లెయిన్ తెచ్చారు. మధ్యాహ్నానికి తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలు వెనక్కి తిరిగాయని ఫోన్లు వచ్చాయి. అప్పటికి గట్టులో రెండు బారల సందే మిగిలింది.

"సాయంత్రం దాకా ఆపండి బాబూ, మావాళ్ళు లోపలికి రావాలి" అంటూ తోడికోడలు మంగాయమ్మ డ్రైవర్ కాళ్ళు పట్టుకుంది. జానకిరామ్ మనుషులు నలుగురు ఆమెను బురదలోకి ఈడ్చేశారు.

గంగాదేవి గట్టున పడున్న గెడకర్ర అందుకుంది. యాభై రెండేళ్ళ ఒళ్ళు. తిప్పిన కర్ర మొదట ఆమె భుజానికే తగిలింది. ఆ తర్వాత ఏమీ గుర్తులేదంటుంది. చూసినవాళ్ళు చెప్పిందే: ఇద్దరు పడిపోయారు, డ్రైవర్ దూకి పారిపోయాడు, కుడి మణికట్టు విరిగినా ఆమె ఎడమచేత్తో కర్ర తిప్పుతూనే ఉంది. వెనక ఆడవాళ్ళు పలుగులతో, ఉత్త చేతులతో గట్టు తవ్విపోశారు.

గాలివానలో ఐదు పడవలు లోపలికొచ్చాయి. ఆరోది రాలేదు. అందులో ఆమె తమ్ముడు గంగాప్రసాద్ ఉన్నాడు. వారం వెతికినా చెక్కముక్క కూడా దొరకలేదు.

పేపర్లో వీరనారి అని ఫొటో వేశారు. మంగాయమ్మ తెచ్చి చూపిస్తే, "తీసెయ్యక్కా. వాడు రాలేదుగా" అని మొహం తిప్పుకుంది.

కొట్టినందుకు జానకిరామ్ మనుషులు ఆమె మీద కేసు పెట్టారు. పటమటలో ఉండే లాయరు సాలేహా ఫీజు తీసుకోకుండా వాదిస్తోంది.

"క్షమాపణ రాసిస్తే కేసు తీసేస్తారంటండీ" అంది సాలేహా ఓ రోజు.

"ఏమని రాయనమ్మా? మావాళ్ళు ఇంటికి రావాలని కొట్టాను. అది తప్పని రాసి ఏ మొహంతో బతకను?"

ఈ వేసవిలో కోర్టు ఆర్డరు ఉందంటూ పోలీసు కాపలాతో గట్టు పూర్తిచేశారు. ఆ రోజూ గంగాదేవి వెళ్ళింది. మణికట్టు సరిగా అతకలేదు, కర్ర మీద పట్టు చిక్కలేదు. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఆమెను చెరో రెక్కా పట్టుకుని వ్యాన్ ఎక్కించారు.