ఆయన ఎత్తుకు చేసిన బల్ల

“కోస్తావా? నాయన చేసిన బల్లకి కాళ్ళు కోస్తావా?”

“బల్ల కాళ్ళేరా. మీ నాయన కాళ్ళే కోస్తానన్నట్టు అరుస్తా ఉండావే.”

“ఎగతాళి చెయ్యబాకమా. మిల్లు మూసినప్పుడు ఆ చెక్క ఎట్టా తెచ్చినాడో నాకు తెలుసు. సైకిలు మీద రెండు తూర్లు. వెనకాల పట్టుకొని నడిచింది నేను.”

“నడిచినావు, సరే. ఆ తరవాత ముప్పై ఏళ్ళు దాని ముందర నిలబడింది ఎవురు?”

“నువ్వు సాయం చేసేదానివి. లేదనలేదే.”

సాయమట. నా కొడుకు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అందుకే ఎక్కువ మండింది. తిట్టాలని అన్న మాటయితే తిరిగి తిట్టొచ్చు. నిజమని నమ్మి అన్నవాణ్ణి ఏం చెయ్యాలి?

వంటింట్లోంచి కోడలు కేకేసింది. “అత్తా, కాఫీ ఆరిపోతా ఉండాది. బల్ల యాడికీ పోదు, ఇద్దరూ రాండి.”

“బల్ల పోదుమా. పోయేది నేనే,” అన్నాను.

పుదుచ్చేరి ఊళ్ళోనే ఒక సందులో మా ఇల్లు. ఇంటి పక్కన రేకుల షెడ్డు. మా ఆయన మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక ఆ షెడ్డులో మోటర్లు చుట్టే పని పెట్టుకున్నాడు. కాలిపోయిన ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటర్లు వస్తాయి. లోపల మాడిన తీగ పీకేసి, గాడుల్లో కొత్త కాగితం వేసి, కొత్త రాగితీగ చుట్టి కూర్చాలి. ఆయన పోయి ఆరేళ్ళయింది. షెడ్డు మూయలేదు. ఫ్యాన్లూ మిక్సీలూ ఇప్పటికీ నేను చుడుతున్నాను. నీళ్ళ మోటర్లు ఎత్తలేను కాబట్టి తీసుకోను.

నా కొడుక్కి సర్కారు ఆఫీసులో ఉద్యోగం. యాభై దగ్గరపడింది. ఈ మధ్య సెల్లులో ఎవరో షెడ్లు బాగుచేసుకునే పద్ధతులు చూపిస్తుంటే చూశాడు. ఆదివారాలు షెడ్డు మీద పడ్డాడు. బాగుచెయ్యడం మంచిదే, నేనూ కాదనలేదు. గోడలకు తెల్ల సున్నం కొడితే సగం దీపం ఖర్చు తప్పుతుందని నేనే చెప్పాను, కొట్టాడు. నేలకు నున్నటి టైల్సు వేస్తానన్నాడు. నూనె చుక్క పడితే నడుము విరుగుతుందిరా, గరుకు సిమెంటే ఉండనీ అన్నాను. విన్నాడు. స్విచ్చులు మోకాలి ఎత్తులో ఉన్నాయి. రోడ్డు వేసినప్పుడల్లా పాత రోడ్డు మీదే కొత్తది పోస్తారు, ఏటేటా రోడ్డు లేస్తుంది, మన గడప దిగుతుంది. అక్టోబరులో పడే ఐప్పసి వానలకు నీళ్ళు ముందు షెడ్డులోకే వస్తాయి. స్విచ్చులు భుజం ఎత్తుకు పోవాలన్నాను. అదీ విన్నాడు.

పనిముట్లకు తలుపుల బీరువా కొంటానంటే మాత్రం ఒప్పుకోలేదు. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంది. మూసిపెట్టిన ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. గోడకు చెక్క కొట్టి మేకులకు తగిలించాలి, వారానికొకసారి నూనెగుడ్డతో తుడవాలి. ఆ నూనె కూడా కొననక్కర్లేదు, కుట్టుమిషనుకు పోసి మిగిలింది చాలు. చిన్న బోల్టులకు పాత ఊరగాయ సీసాలున్నాయి. వాటి మూతల్ని అలమర పలక అడుగున మేకులతో కొట్టి, సీసాల్ని కింద నుంచి తిప్పి బిగిస్తే ఏ బోల్టు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

“నాయన ఎంత బాగా ఆలోచించినాడు చూడు,” అన్నాడు నా కొడుకు ఆ సీసాల కింద నిలబడి.

ఆ సీసాలు బిగించింది నేను. చెప్పలేదు. ముప్పై ఏళ్ళు చెప్పనిది సీసాల కోసం చెప్పాలా అనిపించింది.

బల్ల సంగతి వేరు. మా ఆయన పొడుగు మనిషి. బల్ల తన ఎత్తుకు చేసుకున్నాడు. ఆయన పని అంతా సుత్తీ ఆకురాయీ, బావుల దగ్గర మోటర్లు దించడం, ఎక్కించడం. అందులో ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. చుట్టే పని నాకు ఆయనే నేర్పాడు. నేర్పిన ఏడాదికే ఆయన వేళ్ళు లావనీ, నా వేళ్ళు సన్నమనీ తేలింది. తీగ చుట్లు లెక్క తప్పకుండా వెయ్యడం, గాడిలో ఒక్క పోగు గీరుకోకుండా దించడం, పైన వెదురు పుల్ల కొట్టి బిగించడం, అన్నీ నా చేతికి వచ్చాయి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. లెక్క మాత్రం తప్పలేదు.

బల్ల నా రొమ్ముల దాకా వచ్చేది. కాళ్ళు కొంచెం కోయమని ఒకసారి అడిగాను.

“నా బల్ల కోస్తే నేను గూనోడిగా నిలబడాలా?” అన్నాడాయన. సోడా సీసాల చెక్కపెట్టె ఒకటి తెచ్చి బోర్లా వేశాడు. “ఎక్కు. రాణీ మాదిరి ఉండావు.”

ఎక్కాను. రాణి దిగలేదు.

ఒకరోజు బాహూరు నుంచి ఒక రైతు వచ్చాడు. అతని బావి మోటరు మేం చుట్టి ఎన్నో ఏళ్ళయింది, ఒక్కసారీ ఆగలేదట. అరటిగెల తెచ్చి మా ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు. “మీ చేతిలో ఏదో ఉండాది అయ్యా,” అన్నాడు. అప్పుడు నేను పెట్టె మీద నిలబడి ఇంకో మోటరులో తీగ దించుతున్నాను. మా ఆయన నవ్వాడు. చేతులు చూసుకున్నాడు. నా వైపు చూడలేదు. రైతు పోయాక, “పండు మాగినాక పిల్లోడికి పెట్టు,” అన్నాడు. పెట్టాను. ఆ పిల్లోడే ఇప్పుడు సాయం అంటున్నాడు.

పోయిన నెల పెట్టె పలక విరిగి పడ్డాను. మోకాలు వాచింది. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మోకాలి కంటే నా భుజాలను ఎక్కువసేపు చూసింది. పెట్టె ఎక్కినా ఆ బల్ల నాకు ఎత్తే, ఇన్నేళ్ళూ చేతులెత్తే చుట్టాను. చేతులు పైకెత్తి చేసే పని ఇంక వద్దంది. ఆపకపోతే ఆరునెలల్లో చెయ్యి దువ్వెన కూడా పట్టదంది. బల్ల దిగితే చేసుకోవచ్చా అని అడిగాను. మోచేతి దగ్గరికి వస్తే చేసుకోమంది.

అంతే సంగతి. బల్ల అరడుగు దిగాలి, లేదా నా పని ఆగాలి.

వర్క్‌షాపు బాగుచేసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. దీపాలూ అలమర్లూ తరవాత. ముందు బల్ల దగ్గర ఎవరు నిలబడతారో వాళ్ళను నిలబెట్టి కొలవండి. సుత్తి పనికి మణికట్టు ఎత్తు, సన్నపనికి మోచేతి ఎత్తు. చచ్చిపోయినవాళ్ళ ఎత్తుకు బల్ల ఉంచుకోకండి.

కాఫీ దగ్గర కూడా జగడం ఆగలేదు.

“ఎత్తు స్టూలు తెస్తా. దానిమీద కూర్చో,” అన్నాడు నా కొడుకు.

“కూర్చుంటే బలం యాడిదిరా? తీగ పైనుంచి ఒత్తాలి. కాళ్ళు వేలాడదీస్తే నీరు దిగి వాస్తాయి.”

“అయితే మానెయ్. ఎవురు చెయ్యమన్నారు నిన్ను?”

“అప్పుడూ ఎవురూ చెయ్యమనలేదు.”

“అదే చెప్తా ఉండా. నాయన సంపాదించినాడు, నన్ను చదివించినాడు. ఇప్పుడు నేనుండా. నీకెందుకు?”

“మీ నాయన చుట్టిన మోటరు ఒక్కటి చెప్పు.”

వాడు నవ్వాడు. “ఏందిమా! ఊరంతా చెప్తాదే.”

“ఊరు పెట్టె మీద నిలబడిందా?”

వాడి నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టాడు. “నేను ఆ బల్ల కింద కూర్చొని చదువుకున్నానుమా,” అన్నాడు మెల్లగా. “నాయన కాళ్ళు కనిపించేవి. అట్టాగే ఉండనీ.”

వాడికి కనిపించినవి ఎవరి కాళ్ళో అడగాలనిపించింది. పెట్టె మీద ఉన్నవి ఆడమనిషి కాళ్ళు, మట్టెలుంటాయి. అయినా నోరు మూసుకున్నాను. అది జాలి కాదు. వినేవాడు లేనిచోట మాట ఖర్చు చెయ్యను నేను.

మరునాడు పొద్దున వాడు రోజూలాగే సముద్రం ఒడ్డుకు నడకకు పోయాడు. నేను షెడ్డు తెరిచి, బల్ల మీదివన్నీ నేలకు దించి, రంపం తీసుకున్నాను. టేకు చెక్క, బరువు. ఒక్కదాన్నే పక్కకు తిప్పలేకపోయాను. కోడలు చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి చూస్తోంది. చీపురు గోడకు ఆనించి వచ్చి రెండో వైపు ఎత్తింది.

“నేను పట్టినానని ఆయనకు చెప్పబాకండి అత్తా.”

“నువ్వు నాకు సాయం చేసినావని చెప్తాలే,” అన్నాను. దానికి అర్థమయిందో లేదో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రతి కాలికీ నాలుగు వైపులా గీత గీసుకున్నాను. రంపానికి సబ్బు రాసి, ఒక్కో వైపు నుంచి కొంచెం కొంచెం కోశాను. ఒకే వైపు నుంచి కోస్తే చివర చెక్క పేలుతుంది. మూడో కాలు దగ్గర నాకు భుజం నొప్పి మొదలైంది. నాలుగోదానికి కోడలు రంపం తీసుకుంది. బల్ల నిలబెడితే ఒక మూల కదిలింది. పొట్టి కాలికోసం పొడుగువి మళ్ళీ కోయకూడదు, కోస్తూ పోతే బల్ల పీట అవుతుంది. కింద ఒక అట్టముక్క పెట్టాను, నిలిచింది. మోచేతికి సరిగ్గా వచ్చింది.

నా కొడుకు వచ్చి గుమ్మంలో ఆగాడు.

“కోసేసినావా.”

“కోసేసినా.”

వంగి నాలుగు ముక్కలూ ఏరుకున్నాడు. రంపపుపొట్టు ఊదాడు, తువ్వాలుతో తుడిచాడు. ఇంట్లోకి తీసుకుపోయి వాళ్ళ నాయన ఫోటో ముందు వరసగా పెట్టి, ఒక మందారం తెచ్చి పైన పెట్టాడు. స్నానం చేసి ఇడ్లీ తిని ఆఫీసుకు పోయాడు.

కురుచికుప్పం నుంచి ఒక మనిషి ఇచ్చిపోయిన టేబులు ఫ్యాను రెండు రోజులుగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, మాడిన తీగ పీకడం మొదలుపెట్టాను.